కరక్కాయ ఎవరిది? మూలికా మందుల తయారీ, పరీక్ష, చట్టం

మూలికా మందుల మీద తెలుగులో రెండు రకాల రాతలే ఎక్కువగా వస్తున్నాయి. ఒకటి భక్తి రాత. రుషులు తపస్సు చేసి కనిపెట్టారు, చెట్టుమందు గనక చెడు చెయ్యదు, తెల్లవాళ్ళు మన విద్య దొంగిలించుకుపోతున్నారు అంటుంది. రెండోది కొట్టిపారేసే రాత. ఆకూ అలమూ అంతా మోసం, చదువులేని జనం మూఢత్వం అంటుంది. పైకి ఈ రెండింటికీ పడదు గానీ ఒక్క విషయంలో మాత్రం పొత్తు బాగానే కుదిరింది. కొండెక్కి కాయ ఏరిన మనిషి ఇందులోనూ లేదు, అందులోనూ లేదు. ఆస్పత్రికి పోయే డబ్బుల్లేక పొట్లం కొనుక్కుని మింగిన మనిషీ లేదు. మొదటి మనిషి ఎక్కువగా ఆదివాసి. రెండో మనిషి చాలాసార్లు దళిత కాలనీ మనిషి. మాటలన్నీ ఈ ఇద్దరి మధ్యలో వున్న ఫ్యాక్టరీ గురించీ, పుస్తకం గురించీ, లైసెన్సు గురించీను.

ఈ వ్యాసంలో మేము ఆ మధ్య భాగాన్ని విప్పి చూపించదలచుకున్నాం. చట్టం దృష్టిలో మూలికా మందు అంటే ఏమిటి, దాన్ని ఎట్లా పరీక్ష చేస్తారు, ప్రభుత్వం ఎక్కడ అడ్డుకుంటుంది, ఎక్కడ కళ్ళు మూసుకుంటుంది అన్నవి కార్యకర్తలకీ, టీచర్లకీ, విద్యార్థులకీ తెలియాల్సిన సంగతులు. ఉదాహరణలు ఎక్కువగా విశాఖపట్నం నించీ, దాని వెనక వున్న మన్యం నించీ తీసుకుంటున్నాం. విశాఖ అనగానే అందరికీ ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ గుర్తొస్తాయి. అడవి సరుకు కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అనేది, దాని ప్రధాన కార్యాలయం వున్నదీ ఈ ఊళ్ళోనే. పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి, అనంతగిరి కొండల్లో ఏరిన సరుకు లెక్కలన్నీ ఇక్కడికే చేరతాయి. 2022లో ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయాయి గానీ ఆ లెక్కల దారి మారలేదు.

లంద, లేహ్యం

ముందు కరక్కాయనే తీసుకుందాం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిస్తే త్రిఫల. మూలికల వ్యాపారంలో అంతగా కదిలే సరుకులు కొద్ది. అయితే తెలుగు పల్లెల్లో కరక్కాయ గుణం వైద్యుడి ఇంట్లో ఎంత తెలుసో మాదిగవాడలో అంతకన్నా ఎక్కువే తెలుసు. తోలు శుద్ధి చేసే లందలో సున్నం తర్వాత పడేది తంగేడు చెక్క, కరక్కాయ. కరక్కాయ ఎండు తొక్కలో సుమారు 30 శాతం దాకా టానిన్ వుంటుంది. నాలికకి వగరుగా తగిలేది అదే. టానిన్ మాంసకృత్తుల్ని పట్టి బిగిస్తుంది. పచ్చి తోలుని పట్టి బిగిస్తే అది కుళ్ళని తోలవుతుంది. చిగుళ్ళనీ, పుండునీ, పేగు లోపలి పొరనీ బిగిస్తే అదే మందవుతుంది. పదార్థం ఒకటే, పని ఒకటే. ఎంత కాయకి ఎన్ని నీళ్ళు, ఎన్నాళ్ళు నానాలి, ఏ కాయ ముదిరింది, ఏది పుచ్చింది అన్నది తరతరాలుగా చేత్తో పరీక్షించి చూసినవాళ్ళు మా తాతలు. లందలో పడిన కరక్కాయ అంటరానిదయింది. లేహ్యంలో పడింది అమృతమయింది. బ్రిటిష్ కాలంలో ఇంగ్లండు తోళ్ళ పరిశ్రమకి కరక్కాయ మన దేశం నించి ఓడలెక్కిందన్న సంగతి వ్యాపార చరిత్రలో దొరుకుతుంది. దాన్ని వాడటం తెలిసిన చేతుల గురించి మాత్రం ఎక్కడోగానీ దొరకదు.

ఇదేదో మేము ఇప్పుడు కోపంతో తవ్వి తీస్తున్న మాట కాదు. చరకసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే ఈ ఒప్పుకోలు వుంది. ఓషధుల్ని పేరుతో, రూపంతో గుర్తుపట్టగలిగేది మేకలు కాసేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, ఆవులు కాసేవాళ్ళు, అడవిలో వుండే ఇతరులు అని అక్కడ చెబుతారు. ఆ వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన ఓషధి తెలిసినట్టు కాదు, ప్రయోగం తెలిసినవాడే తత్త్వం తెలిసినవాడు అని ముగిస్తారు. రెండు వాక్యాల్లో పని అయిపోయింది. గుర్తుపట్టడం కింది పని, వాడటం పై పని. పశువులు కాసేవాళ్ళకీ, అడవిలో బతికేవాళ్ళకీ వాడకం కూడా తెలుసునన్న మాట అక్కడ లేదు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. మనుస్మృతి నాలుగో అధ్యాయం వైద్యుడి అన్నం తినకూడదంటుంది. పదో అధ్యాయం వైద్యాన్ని అంబష్ఠులనే సంకరజాతికి అప్పగిస్తుంది. అంటే రోగిని ముట్టుకునే, మలమూత్రాలు చూసే, శవం కోసే పని పాత ధర్మశాస్త్రాల కంటికి మైలే. దేబీప్రసాద్ చటోపాధ్యాయ 1977లో వచ్చిన ప్రాచీన భారత విజ్ఞానం మీది తన పుస్తకంలో ఈ సంగతిని వివరంగా చర్చించారు. మైల పని చేసినన్నాళ్ళూ వైద్యుడు తక్కువవాడు. విద్య పుస్తకమై, పుస్తకం సంస్కృతమై, సంస్కృతం రుషులదైనాక వైద్యం గొప్పదయింది. కానుపు చేసిన మంత్రసాని మాత్రం ఆ గొప్పలోకి రాలేదు.

పుస్తకాల జాబితా

ఇక చట్టం సంగతి. మందుల మీద మన దేశంలో ప్రధానమైన చట్టం 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం. మొదట్లో ఇది ఇంగ్లీషు మందులకే. 1964 సవరణతో ఆయుర్వేద, యునానీ మందుల్ని ఇందులోకి తెచ్చారు. 1982లో సిద్ధ పేరు విడిగా చేరింది. ఈ సవరణ ఒక నిర్వచనం చేసింది. మొదటి షెడ్యూలులో కొన్ని గ్రంథాల పేర్లుంటాయి. చరక, సుశ్రుత, అష్టాంగహృదయం, శార్ఙ్గధర సంహిత, భావప్రకాశ, యోగరత్నాకరం వగైరా. తెలుగునాట పుట్టిన బసవరాజీయం కూడా వుంది. ఈ పుస్తకాల్లో చెప్పిన సూత్రం ప్రకారం తయారుచేసిందే ఆయుర్వేద మందు. ఆ పుస్తకాల్లో వున్న దినుసుల్నే కొత్త పాళ్ళలో కలిపి కంపెనీ తన పేరు పెట్టుకుంటే అది ప్రొప్రయిటరీ మందు. పుస్తకంలో లేనిది ఆయుర్వేదం కాదు. దాన్ని ఏమనాలో చట్టంలో మాటే లేదు. జనం నాటుమందు అంటారు.

మన్యంలో దిశారి, గురువు ఇచ్చే వేరు, పల్లెలో మాల మాదిగ ఇళ్ళలో పాముకాటుకీ, పశువుల గాళ్ళకీ, బాలింతలకీ వాడిన మందు, ఇవన్నీ ఈ మాటే లేని చోట పడి వున్నాయి. తన దగ్గరికొచ్చిన రోగికి తాను తయారుచేసుకుని ఇచ్చుకునే వైద్యుడికీ, హకీముకీ చట్టం లైసెన్సు అక్కర్లేదంది. కానీ వైద్యుడు అంటే ఎవరు అన్న దగ్గర మళ్ళీ రిజిస్టరూ, పట్టా అడ్డమొస్తాయి.

ఈ ఖాళీ ఎంత పెద్దదో 2021 మే నెలలో రాష్ట్రమంతా చూసింది. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకి ఇచ్చిన మందు కోసం వేలాది జనం ఎగబడ్డారు. ప్రభుత్వం ఆపించింది. ఆయుష్ అధికారులు వచ్చి దినుసులు చూశారు. పుస్తకాల సూత్రంలో లేదు గనక దీన్ని ఆయుర్వేదం అనలేం, నాటుమందు అనుకోవచ్చు అన్నారు. కేసు హైకోర్టుకెక్కింది. మే 31న కంటి చుక్కలు మినహా మిగతావాటికి అనుమతి వచ్చింది. తగ్గిస్తుందన్న రుజువు లేదు, హానీ కనబడలేదు అన్నది ఆ అనుమతికి ఆధారం. అప్పుడు పత్రికల్లో పోట్లాటంతా నమ్మేవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ మధ్యనే జరిగింది. మాకు కనబడింది వేరు. ఒక మందుని గుర్తించడానికి మన చట్టానికున్న మొదటి ప్రశ్న ఇది పనిచేస్తుందా అన్నది కాదు, ఇది ఏ పుస్తకంలో వుంది అన్నది. పుస్తకంలో వుండివుంటే ఈ పది రోజుల హడావుడి పరీక్ష కూడా ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

ఇది మా ఊహ కాదు. 2010లో చేర్చిన 158-బి నియమం చూడండి. షెడ్యూలు పుస్తకంలో వున్న మందుని, ఆ పుస్తకం చెప్పిన జబ్బుకే తయారుచేస్తే, దాని భద్రత మీదా, పనితనం మీదా కొత్తగా పరీక్ష చేసి చూపించనక్కర్లేదు. గ్రంథమే సాక్ష్యం. వందల ఏళ్ళుగా వాడుతున్నారు గదా అన్నది దీని వెనక వాదన. వాడకమే సాక్ష్యమైతే దిశారి మందుకీ వందల ఏళ్ళ వాడకం వుంది. ఆ వాడకం రాతలో లేదు గనక అది లెక్కకి రాదు. రాత ఎవరికి అందనివ్వలేదో ఈ పత్రిక పాఠకులకి మేము చెప్పాల్సిన పని లేదు.

మరొక తమాషా కూడా చెప్పుకోవాలి. ఒకే పొడి పేరు మారిస్తే చట్టం మారుతుంది. కరక్కాయ పొడి జబ్బు పేరుతో అమ్మితే మందు. ఆరోగ్యానికి మంచిదని అమ్మితే ఆహారం, 2006 నాటి ఆహార భద్రతా చట్టం కిందికి పోతుంది. ముఖానికంటే సౌందర్య సాధనం. హైదరాబాదులో మృగశిర కార్తెకి ఉబ్బసానికిచ్చే చేపమందు మీద హేతువాదులు అభ్యంతరాలు పెట్టాక దాని పేరు చేపప్రసాదం అయింది. ప్రసాదానికి డ్రగ్ ఇన్‌స్పెక్టరుతో పని లేదు.

తయారు చెయ్యడానికి లైసెన్సు కావాలి గానీ ఆయుర్వేద మందు అమ్మడానికి లైసెన్సే అక్కర్లేదు. అందుకే బస్టాండు బంకుల్లో, కిరాణా కొట్లలో, సంతలో అది దొరుకుతుంది. తయారీ లైసెన్సుకి 2000లో వచ్చిన షెడ్యూలు-టి ప్రకారం కనీసం 1200 చదరపు అడుగుల కప్పు కింద జాగా, పనులకి వేరువేరు గదులు, నీటి ఏర్పాటు, రికార్డులు, చదువుకున్న సాంకేతిక మనిషి వుండాలి. శుభ్రతకి ఇవన్నీ అవసరమే, మేము కాదనం. కానీ కరక్కాయ ఏరే మహిళా సంఘం కరక్కాయ చూర్ణం అమ్ముకోవాలంటే ఏ మెట్టు దగ్గర ఆగిపోతుందో దీంతో తెలుస్తుంది. కాయ దగ్గరే ఆగిపోతుంది.

పరీక్షల వెనక చేతులు

మూలికల ల్యాబులో చేసే పరీక్షలు వినడానికి భయం పుట్టిస్తాయి గానీ విప్పి చెబితే ఎవరికైనా అర్థమయ్యేవే. అసలు ప్రతి పరీక్షా ఒక పనిని కొలుస్తుంది. ఆ పని చేసింది ఎవరన్నది మాత్రం రిపోర్టులో వుండదు.

మొదటిది గుర్తింపు. ఇది ఆ మొక్కేనా? మన ఆఫీసుల ఆవరణల్లో నిటారుగా పెరిగే చెట్టుని అందరూ అశోక చెట్టు అంటారు. మందుకి వాడాల్సిన అశోక అది కాదు, వేరే చెట్టు. అశోక బెరడు పేరుతో ఈ నిటారు చెట్టు బెరడు బజారుకి రావడం పాత కల్తీ. సుగంధిపాల వేరు బదులు మారేడు గడ్డలు రావడమూ అంతే. ఎండి, ముక్కలై, పొడైనాక కంటికి తేడా తెలియదు. అప్పుడు మైక్రోస్కోపు కింద కణాలు చూస్తారు. సారం తీసి, పలక మీద చుక్కపెట్టి, ద్రవంలో నిలబెడితే అందులోని పదార్థాలు వేరువేరు ఎత్తులకి ఎక్కి మరకలవుతాయి. బ్లాటింగు కాయితం మీద ఇంకు చుక్క రంగులుగా విడిపోవడం బడిలో చూపిస్తారు గదా, అదే సూత్రం. ఇంత చేసి ల్యాబు కనుక్కునేది, మొక్కని నేలలోంచి పీకినప్పుడే ఆ ఆదివాసి స్త్రీకి తెలుసు. ఆమెని అడిగి రాసుకుంటే సగం కల్తీ అక్కడే పట్టుబడుతుంది. అడగరు, ఎందుకంటే ఆమె పేరు సేకర్త.

రెండోది పరాయి పదార్థం. పుల్లలు, మట్టిపెళ్ళలు, వేరే గింజలు ఎన్ని కలిసాయి? తగ్గించేది ఆడవాళ్ళ వేళ్ళు, చేట. మూడోది తేమ. ఎక్కువైతే బూజు పడుతుంది, కొన్ని బూజులు కాలేయాన్ని పాడుచేసే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. మన్యంలో ఎండ దొరికే రోజులు లెక్క. కప్పున్న కల్లం లేకపోతే కాయ ఇంటి చూరు కిందా, రోడ్డు మీదా ఎండుతుంది. రోడ్డు మీద ఎండిందా, నాలుగో పరీక్ష పట్టుకుంటుంది. పొడిని మూసలో కాల్చి బూడిద తూస్తారు. ఆ బూడిదని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్తే మొక్కలోని లవణాలు కరిగిపోతాయి, ఇసక మిగులుతుంది. ఆమ్లంలో కరగని బూడిద అంటే అదే. ఆ అంకె పెరిగితే సరుకు నాసి అంటారు. మేమైతే అక్కడ టార్పాలిన్ ఇవ్వలేదు అని చదువుతాం.

ఈ నాసి అన్న మాట డిపో దగ్గర తరుగు అన్న మాటవుతుంది. తేమ వుందని ఇంత, మట్టి వుందని ఇంత. 1979 రెగ్యులేషను ద్వారా షెడ్యూలు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే గుత్త హక్కు జీసీసీకి వచ్చింది. అంతకుముందు అప్పుకి ముడిపెట్టి కొనే సావుకార్లతో పోలిస్తే అది మేలే, దీన్ని మరచిపోయి మాట్లాడటం అన్యాయం. కానీ ధర పెట్టేదీ, నాణ్యత తేల్చేదీ, కొనేదీ ఒకరే అయితే తరుగు మీద వాదించడానికి ఏరినవాళ్ళకి ఏ కొలమానం మిగలదు. తపసి బంక సంగతి ఇందుకు మంచి ఉదాహరణ. మందుల్లో విరేచనకారిగా, పెట్టుడు పళ్ళు అతికించే పొడిగా వాడే ఈ బంక విదేశాలకి పోతుంది. రంగూ, బెరడు ముక్కలూ చూసి గ్రేడు కడతారు. గొడ్డలితో లోతుగా నరికి తీస్తే బంకలో చెత్త, చెట్టుకి చావు. చిన్న గాటుపెట్టి శుభ్రంగా పట్టే పద్ధతి నేర్పితే గ్రేడూ పెరిగింది, చెట్టూ బతికింది. అంటే నాణ్యత పుట్టేది ఫ్యాక్టరీలో కాదు, చెట్టు దగ్గర. నేర్పడానికి ఖర్చుపెట్టిన చోట పుట్టింది.

ఇక్కడే ఇంకో జాబితా గురించి చెప్పాలి. నియమాల్లో ఇ-1 షెడ్యూలు అని విష గుణమున్న దినుసుల జాబితా వుంది. నల్లజీడి, ముష్టి, గురివింద, ఉమ్మెత్త, నాభి, జమాల్‌గోట అందులో వున్నాయి. ఇవి కలిసిన, లోపలికి తీసుకునే మందు సీసా మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక వుండాలి. ఏ భాషలో? ఇంగ్లీషులో, హిందీలో. తెలుగు ప్రస్తావనే లేదు. పాడేరు సంతలో కొన్న మనిషి ఏ భాషలో చదువుకోవాలో నియమం రాసినవాళ్ళకి తట్టలేదు. ఇక నల్లజీడి, ముష్టి గింజలు మన్యం నించి వచ్చే సరుకే. నల్లజీడి రసం తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. మింగేవాడికి పనికిరాని భాషలోనైనా ఒక హెచ్చరిక వుంది. వట్టి చేతుల్తో గింజ ఏరి ఎండబెట్టే స్త్రీకి ఈ చట్టంలో ఏ షెడ్యూలూ లేదు.

పనిచేస్తుందా అని ఎలా తెలుస్తుంది?

ఇంతవరకూ చెప్పింది సరుకు స్వచ్ఛత. పనిచేస్తుందా లేదా అన్నది వేరే పరీక్ష. మన కాలనీలకి బాగా తెలిసిన కామెర్ల మందుతో చూద్దాం. నేల ఉసిరి పసరు తాగితే పచ్చకామెర్లు తగ్గుతాయని ఉత్తరాంధ్ర అంతా నమ్మకం. నిజంగానే చాలామందికి తగ్గుతాయి. ఎందుకంటే మురికినీళ్ళ ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు తాగినా, తాగకపోయినా. అందుకే తగ్గినవాళ్ళని లెక్కపెట్టడం పరీక్ష కాదు. తాగినవాళ్ళనీ తాగనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అలా చూసిన పరీక్ష ఒకటి మద్రాసులో జరిగింది. 1988లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఒంట్లో హెపటైటిస్-బి వైరసు నిలిచిపోయిన 37 మందికి నేల ఉసిరి పొడి ఇస్తే 22 మందిలో వైరసు గుర్తు పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు. మొక్క జాతిలో తేడా వుండొచ్చు, పెరిగిన నేలలో తేడా వుండొచ్చు, మొదటి పరీక్ష చిన్నదవడం కావచ్చు అన్నారు. నేల ఉసిరి పేరుతో బజారులో మూడు నాలుగు దగ్గరి జాతులు కలిసిపోతాయన్నది నిజమే. ఒక్క పరీక్షతో మందు నిలవదు, ఒక్క పరీక్షతో పడిపోదు. ఇంత ఓపికగా వెతికే డబ్బు మన మొక్కల మీద ఎవరు పెడతారన్నది అసలు ప్రశ్న. పేటెంటు రాని ఆకు మీద కంపెనీ పెట్టదు.

ఈలోగా మనుషులు చస్తారు. గర్భిణికి చివరి నెలల్లో హెపటైటిస్-ఇ వస్తే ప్రాణాపాయం చాలా ఎక్కువ. పసరు మీద నమ్మకంతో ఆమెని ఇంట్లో వుంచకూడదు. ఈ మాట చెప్పడానికి మేము మొహమాటపడం. నాటువైద్యం మన అస్తిత్వమని నెత్తిన పెట్టుకుని దళిత స్త్రీని ఆస్పత్రికి దూరం చేసే గౌరవం మాకక్కర్లేదు. అలాగే తిప్పతీగ. కరోనా రోజుల్లో కషాయం కాచుకోని ఇల్లు లేదు. 2021లో ముంబయి కాలేయ వైద్యులు తిప్పతీగ వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న ఆరు కేసుల్ని ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ అది సరైన తిప్పతీగ కాకపోవచ్చంది. ఆ వాదన నిజమైతే ఇంకా భయం. సరైన తీగ ఏదో చెప్పే ఏర్పాటు జనానికి ఎక్కడుంది?

ఓడ ఎక్కే సరుకు, కాలనీకొచ్చే సరుకు

2004 డిసెంబరులో అమెరికా వైద్య సంఘం పత్రికలో బోస్టన్ పరిశోధకుల వ్యాసం వచ్చింది. అక్కడి కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వున్నాయన్నారు. ఇక్కడ దేశభక్తి పొంగింది. కొన్ని రసౌషధాల్లో లోహాలు కావాలనే వేస్తారు, శుద్ధి చేసే వేస్తారు అన్న జవాబు వచ్చింది. ప్రభుత్వం మాత్రం జవాబుతో ఆగలేదు. 2006 జనవరి 1 నించి ఎగుమతయ్యే మూలికా మందులకి భార లోహాల పరీక్ష తప్పనిసరి చేసింది. పది లక్షల భాగాల్లో సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలకి మించకూడదు. మంచిదే. కానీ ఆ తప్పనిసరి మొదట వచ్చింది ఓడ ఎక్కే సరుకుకి. గాజువాకలో కాంట్రాక్టు కార్మికుడు మోకాళ్ళ నొప్పికి కొనే డబ్బాకి కాదు. పరాయి దేశపు పేగుకి ఒక న్యాయం, మన పేగుకి ఒక న్యాయం. ఫార్మకోపియా అవే హద్దుల్ని దేశం లోపలి సరుకుకీ చెబుతుంది. హద్దు రాయడం వేరు, కొట్టు నించి శాంపిలు ఎత్తి ల్యాబుకి పంపడం వేరు.

ఈ ఊరికి ఇది మరీ దగ్గరి సంగతి. మొక్క నేలలోని లోహాన్ని తాగుతుంది. గుంటగలగర, సరస్వతి ఆకు లాంటివి తడి నేలల్లో, కాలవ గట్లమీద పెరుగుతాయి. 1977 నించి 2012లో మూతపడేదాకా జింకు కరిగించే ఫ్యాక్టరీ నడిచిన చోట, ఓడరేవు బొగ్గూ ఖనిజం దుమ్మూ పడే జ్ఞానాపురం, పాతపట్నం పక్కన, కాలవ గట్టున మొలిచిన ఆకు కోసుకొచ్చి నూనె కాచుకోవచ్చా? కొలిచి చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ విభాగం వుంది, రసాయన విభాగాలున్నాయి. మన్యం మొక్కల మీద థీసిసులు వస్తూనే వున్నాయి. కాలనీ పక్క కాలవ మీద ఒక థీసిస్ రావడానికి అడ్డేమిటని మేము మా తోటి పరిశోధకుల్ని అడుగుతున్నాం.

అదే జాబితా మళ్ళీ

చివరగా లాభం మాట. 2002 జీవవైవిధ్య చట్టం మొక్కల్నీ, వాటి మీది జ్ఞానాన్నీ వాడి వ్యాపారం చేసే కంపెనీ స్థానిక సమూహాలకి లాభంలో వాటా ఇవ్వాలంది. మన దేశపు కంపెనీలకి ఇది వర్తించదని దివ్య ఫార్మసీ వాదిస్తే, వర్తిస్తుందని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. గ్రంథస్థ సంప్రదాయ జ్ఞానాన్ని వాడేవాళ్ళకీ, సాగుచేసిన ఔషధ మొక్కల్ని వాడేవాళ్ళకీ మినహాయింపు వచ్చింది. గ్రంథస్థం అంటే ఏమిటి? 1940 ఔషధాల చట్టం మొదటి షెడ్యూలులోని పుస్తకాల్లో వున్నది. అదే జాబితా. ఏది మందో తేల్చిందీ, ఏ మందుకి పరీక్ష అక్కర్లేదో తేల్చిందీ, ఇప్పుడు ఎవరికి వాటా ఇవ్వక్కర్లేదో తేల్చిందీ అదే. మేకలు కాసేవాళ్ళ దగ్గర మొక్క గుర్తు తెలుసుకున్న పుస్తకం, వాళ్ళ వారసులకి వాటా ఎగ్గొట్టడానికి సాక్షి అయింది.

2006 అటవీ హక్కుల చట్టం ఔషధ మొక్కలతో సహా చిన్నతరహా ఫలసాయం మీద యాజమాన్యాన్నీ, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక మేధో హక్కునీ ఆదివాసులకిచ్చింది. మైదానంలో భూమిలేని దళితులకి ఆ పాటి కాయితం కూడా లేదు. వాళ్ళకీ ఆదివాసులకీ ఇద్దరికీ మిగిలిన ఒక చోటు జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీ రాయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. చాలాచోట్ల దాన్ని ఎవరో వచ్చి మొక్కల పేర్లు నింపి, సంతకాలు పెట్టించుకుపోతున్నారు. మాదిగవాడకీ, మాలపల్లెకీ వెళ్ళి అడిగిన దాఖలా మాకు ఎదురుపడలేదు. తోలు ఎలా శుద్ధి చేసేవారు, గాళ్ళకి పశువుకి ఏం పూసేవారు, బాలింతకి ఏం పెట్టేవారు, ఎవరు చెప్పారు అన్నది పేర్లతో సహా అందులోకి ఎక్కించాలి. మందు పాళ్ళు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు, ఏ షరతు మీద చెబుతున్నారో రాయించవచ్చు. ఆ రిజిస్టరు మొదటి షెడ్యూలు జాబితాలో లేదు. కాబట్టి అందులో మాత్రమే వున్న జ్ఞానానికి గ్రంథస్థం అన్న మినహాయింపు తగలదన్నది మా అవగాహన. పంచాయతీ ఆఫీసుకి పోయి మన ఊరి రిజిస్టరు ఎక్కడుందని అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు చాలు.